రోటవేటర్ స్పేర్లు: గది నిండా సరుకు, సీజన్లో అడిగింది లేదు. స్టాక్ లెక్క ఎలా వేయాలి?

రోటవేటర్_యూనిట్ (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. ట్రాక్టర్ వెనక తగిలించి దుక్కి చేసే 5, 6, 7 అడుగుల రోటవేటర్లు తయారుచేసే చిన్న యూనిట్ మాది. ఆరేళ్లలో 1,400 మిషన్లు బయటికి వెళ్లాయి. తొమ్మిది మంది డీలర్లు: ఐదుగురు తెలంగాణలో, నలుగురు కృష్ణా, గోదావరి జిల్లాల్లో.

స్పేర్ల గదిలో దాదాపు 38 లక్షల సరుకు ఉంది. అయినా జూన్, జులైలో డీలరు ఐదు ఐటమ్స్ అడిగితే రెండు ఉండవు. ఇప్పటి పద్ధతి చాలా సింపుల్: పోయినేడు అమ్మినదానికి పది శాతం కలిపి ఆర్డరు. బ్లేడ్లు, బోల్టులు లూధియానా నుంచి, క్రౌన్-పినియన్ (గేర్‌బాక్స్‌లోని జత పళ్లచక్రాలు), గేర్లు రాజ్‌కోట్ నుంచి. రావడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు.

అడగాలనుకున్నవి మూడు. ఏ స్పేరు ఎంత పెట్టాలో లెక్క ఎలా? డిపోలో పెట్టాలా, డీలర్ల దగ్గరా? పాత మోడల్ స్పేర్లు ఎన్నాళ్లు మోయాలి?

---

స్టోర్స్‌బుక్

మొదటి తప్పు ఆ పది శాతం దగ్గరే ఉందండి. పోయినేడు అమ్మింది వేరు, పోయినేడు అడిగింది వేరు. జూన్‌లో ఆయిల్ సీలు లేక వెనక్కి పంపిన ఆర్డరు మీ అమ్మకాల్లో సున్నాగానే కనిపిస్తుంది. ఆ సున్నాకి పది శాతం కలిపితే మళ్లీ సున్నాయే. లేనిది ఏటేటా లేకుండానే ఉంటుంది, ఉన్నది పేరుకుపోతుంది. మీ 38 లక్షల కథ ఇదే.

చేయాల్సిన మొదటి పనికి కంప్యూటర్ కూడా అక్కర్లేదు. కౌంటర్ దగ్గర ఒక "లేదు పుస్తకం" పెట్టండి. ఐదు గడులు: తేదీ, డీలరు, పార్ట్ నంబరు, ఎన్ని అడిగారు, ఎన్ని ఇచ్చాం. ఫోన్లో అడిగి "లేదా, సరే" అని పెట్టేసినది కూడా రాయాలి. ఒక్క సీజన్ రాస్తే చాలు, బొమ్మ మారిపోతుంది.

అమ్మకాల లెక్కలోంచి తీసేయాల్సినవి రెండున్నాయి. మార్చి ఆఖరులో టార్గెట్ కోసం డీలర్లకి తోసిన సరుకు ఒకటి. అది డిమాండు కాదు, మీ గదిలోంచి వాళ్ల గదిలోకి మారింది, అంతే. రెండోది, ఒక బ్యాచ్‌లో లోపం వచ్చి అన్ని మిషన్లకీ ఒకేసారి మార్చిన పార్టు. అది మళ్లీ రాదు. మామూలు వారంటీ వాడకాన్ని మాత్రం తీసేయకూడదు, విడిగా కోడ్ పెట్టి మొత్తంలో కలపాలి.

---

దాళ్వా_సార్వా

పై మాటకి ఇంకోటి చేరుస్తాను. ఏడాది మొత్తానికి ఒకే అంకె తీస్తే రోటవేటర్‌కి పనికిరాదు. వాడకం రెండు రకాలు: మే, జూన్‌లో పొడి దుక్కి, తర్వాత సార్వా దమ్ము, మళ్లీ డిసెంబరు, జనవరిలో దాళ్వా దమ్ము. పొడి దుక్కిలో పోయేది బ్లేడ్లు, బోల్టులు. దమ్ములో పోయేది సీళ్లు, చివరి బేరింగులు. ఒకే మిషను, ఒకే ఏడాది, కానీ రెండు సీజన్లలో రెండు వేర్వేరు స్పేర్ల జాబితాలు.

నేల సంగతీ చూడాలి. ఎర్ర ఇసుక నేలలో బ్లేడు అరిగిపోయే వేగం నల్లరేగడిలో ఉండదు. రేగడిలో తడి ఎక్కువైతే మట్టి రోటరుకి చుట్టుకుని లోడు గేర్‌బాక్స్ మీదికి, ట్రాక్టర్ నుంచి వచ్చే షాఫ్టు కీలులోని క్రాస్ మీదికి పోతుంది. కాబట్టి తొమ్మిది మంది డీలర్లకీ ఒకే "మినిమమ్ స్టాక్ లిస్టు" పంపించడం మానేయండి. డెల్టా డీలరుకి ఒకటి, ఎర్రనేలల డీలరుకి ఇంకోటి.

మీ మోడల్‌కి వ్యవసాయ యంత్రాలు పరీక్షించే గార్లదిన్నె టెస్టింగ్ ఇన్‌స్టిట్యూట్ రిపోర్టు ఉంటే బయటికి తీయండి. బ్లేడ్ల అరుగుదల బరువు శాతంలో అందులో ఉంటుంది. సబ్సిడీ ఫైల్లో పెట్టి మరిచిపోయే కాగితం అది, స్పేర్ల లెక్కకి మంచి ఆధారం.

---

బోల్టునట్టు

బ్లేడ్లకి పోయినేటి అమ్మకాలు వదిలేసి, బయట తిరిగే మిషన్ల నుంచి లెక్క మొదలుపెట్టండి. 6 అడుగుల దానికి 7 ఫ్లేంజిలు (రోటరు మీద బ్లేడ్లు బిగించే బిళ్లలు), ఫ్లేంజికి 6 చొప్పున 42 బ్లేడ్లు. 5 అడుగులకి 36, 7 అడుగులకి 48. సగం ఎడమ, సగం కుడి.

ఉదాహరణ అంకెలతో చూపిస్తాను, మీ అంకెలు మీరు పెట్టుకోండి. 6 అడుగులవి 800 పనిలో ఉన్నాయనుకుందాం. ఇసుక నేలల్లో 300, ఏడాదికి రెండు సెట్లు. మిగతా 500, ఏడాదికి ఒకటి. మొత్తం 1,100 సెట్లు. ఇందులో మీ బ్లేడు కొనేవాళ్లు ఎందరు, పక్క షాపులో చవక బ్లేడు కొనేవాళ్లు ఎందరు? మీ వాటా 35 శాతం అనుకుంటే 385 సెట్లు, అంటే 16,170 బ్లేడ్లు. ఎడమ 8,085, కుడి 8,085.

ఆ 35 అనే అంకె మీద కూర్చోండి. మీ అమ్మకాలు 200 సెట్ల దగ్గరే ఆగితే మిగతా గిరాకీ సీజన్లో మీ దగ్గర సరుకు లేక పోయిందో, ధర వల్ల పోయిందో లేదు పుస్తకమే చెప్తుంది.

ఇంకో మాట: బ్లేడ్లు సెట్టుగా అమ్మితే బోల్టులు కూడా అదే పెట్టెలో పెట్టండి. బ్లేడుకి రెండు చొప్పున 84 బోల్టులు, 84 నట్లు, 84 స్ప్రింగ్ వాషర్లు. పాత బోల్టుతోనే కొత్త బ్లేడు బిగిస్తే అది సాగి వదులవుతుంది, ఫ్లేంజి రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి తిరుగుతుంది. అప్పుడు పోయేది బ్లేడు కాదు, రోటరు.

---

గేర్‌బాక్స్_అన్న

అన్నా, సీళ్ల ముచ్చట నేను చెప్త. సీలు మార్చినా వారంల మళ్లా ఆయిలు కారుతున్నదంటే సీలు మంచిది కాదని తిడుతరు. చాలాసార్లు తప్పు సీలుది కాదు. పాత సీలు పెదవి తిరిగి తిరిగి షాఫ్టు మీద గీత పడ్తది. గోరుతోని రుద్ది చూడాలె, గోరు తట్టుకుంటే గీత ఉన్నట్టే. ఆ గీత మీద కొత్త సీలు ఎక్కిస్తే కరిగెటల, అంటే దమ్ముల, రెండు ఎకరాలు కూడా ఆగది. పల్చటి స్టీలు స్లీవు ఎక్కియ్యాలె, లేకుంటే సీలును రెండు మూడు మిల్లీమీటర్లు జరిపి కొత్త జాగ మీద కూసోబెట్టాలె.

రెండోది, గేర్‌బాక్స్ మీద బ్రీదర్ ప్లగ్గు. బురదతోని మూసుకపోతే లోపల వేడికి ఒత్తిడి పెరుగుతది, ఆయిలు సీలును తోసుకుంట బయటికొస్తది. ప్లగ్గు ఎంత? చారెడు పైసలు. దాన్ని ఎవరూ స్టాకు పెట్టరు!

మూడోది, ట్రాక్టర్ నుంచి రోటవేటర్‌ను తిప్పే పీటీఓ షాఫ్టు పొడుగు. రైతు ట్రాక్టర్ మార్చిండు, షాఫ్టు పాతదే. రోటవేటర్ లేపినప్పుడు షాఫ్టు లోపలికి పూర్తిగ దిగి గేర్‌బాక్స్‌ను గుద్దుతది. పినియన్ బేరింగు పోతది. బేరింగు మార్చి పంపిస్తే నెలకు మళ్లా అదే. వారంటీ క్లెయిమ్ ఫారంల "ట్రాక్టర్ ఏది, షాఫ్టు కోసిండ్రా లేదా" అని ఒక గడి పెట్టుండ్రి.

గందుకే సీలు ఒక్కటే అమ్మొద్దు, కిట్టు చేయుండ్రి: ఆయిల్ సీళ్లు 2, స్లీవు 1, ఓ రింగు 1, గ్యాస్కెట్టు 1, చివరి బేరింగు 1, సర్క్లిప్ 1, బ్రీదర్ ప్లగ్గు 1. విప్పుడంటూ విప్పినంక ఇవన్నీ చేతిల ఉండాలె. ఒక్కటి తక్కువున్నా మిషను పొలం గట్టు మీదనే.

---

లెక్కల_పలక

అన్న చెప్పిన "ఒక్కటి తక్కువున్నా" అన్నదానికి అంకె ఇది. ఒక్కో ఐటమ్ 95 శాతం సార్లు దొరుకుతుందనుకోండి. వినడానికి బాగుంటుంది. రిపేరుకి ఐదు ఐటమ్స్ కావాలంటే ఐదూ ఒకేసారి దొరికే అవకాశం 0.95ను ఐదుసార్లు గుణిస్తే వచ్చేది: 77 శాతం. అంటే నూటికి 23 మిషన్లు ఆగిపోతాయి, మీ రిపోర్టులో మాత్రం 95 అని ఉంటుంది. అందుకే "ఎన్ని ఐటమ్స్ ఇచ్చాం" అన్నది కాకుండా "ఎన్ని ఆర్డర్లు పూర్తిగా ఇచ్చాం" అని కొలవాలి.

తరచుగా కదిలే ఐటమ్‌కి రీఆర్డరు లెక్క. సీజన్లో వారానికి సగటున 10 సీళ్లు, వారం వారం తేడా అంటే ప్రామాణిక విచలనం 6, సరుకు రావడానికి 6 వారాలు. రక్షణ స్టాకు = 1.65 × 6 × √6, దాదాపు 24. ఆ ఆరు వారాల వాడకం 60 కలిపితే 84. స్టాకు 84కి దిగగానే ఆర్డరు వెళ్లాలి. 1.65 అనేది 95 శాతం నమ్మకానికి. 90 చాలనుకుంటే 1.28, 99 కావాలంటే 2.33.

---

స్టోర్స్‌బుక్

లెక్కల పలక గారూ, ఆరు వారాలు అన్నది ఆరు వారాలే అయితే మీ 84 సరిపోతుంది. కానీ అడిగినాయన "ఆరు నుంచి పన్నెండు" అన్నారు. సప్లయర్ తేడాని కూడా లెక్కలోకి తీసుకోవాలి. సగటు ఆరు వారాలే ఉంచి, రావడంలో తేడా రెండు వారాలు అనుకున్నా:

ఆరు వారాలు, వాడకం తేడా 6 వర్గం: 6 × 36 = 216. వారం వాడకం 10 వర్గం, ఆలస్యం తేడా 2 వర్గం: 10 × 10 × 2 × 2 = 400. కలిపితే 616, వర్గమూలం 24.8. దాన్ని 1.65తో గుణిస్తే 41. రీఆర్డరు 101.

చూడండి, 616లో 400 సప్లయర్ ఆలస్యానిదే, రైతు వాడకంలో తేడాది 216 మాత్రమే. అందరూ ఫోర్‌కాస్ట్ బాగుచేయాలని తంటాలు పడతారు. సప్లయర్ ఒప్పుకున్న తేదీ, సరుకు నిజంగా వచ్చిన తేదీ రెండూ రాసుకుని, ఆ తేడాని తగ్గిస్తే ఎక్కువ లాభం.

---

లెక్కల_పలక

ఒప్పుకుంటున్నాను. తేదీ తేడా లేదన్న ఊహ మీద వేసిన లెక్క అది.

---

రోటవేటర్_యూనిట్

చాలా ఉపయోగం అండి. క్రౌన్-పినియన్ సెట్టు సంగతి? తొమ్మిది మంది డీలర్లకీ కలిపి ఏడాదికి 8 పోతాయి. ఖరీదైన వస్తువు. రాజ్‌కోట్ నుంచి మూడు నెలలు. ప్రతి డీలరూ ఒకటి పెట్టుకోవాలని చెప్పాం, ఎవరూ పెట్టుకోరు.

---

లెక్కల_పలక

పెట్టుకోకపోవడమే మంచిది. ఏడాదికి 8 అంటే మూడు నెలలకి సగటున 2. ఇలా నెమ్మదిగా కదిలేవాటికి పైన చెప్పిన సూత్రం పనికిరాదు, పాయిజాన్ లెక్క వేయాలి. ఆర్డరు పెట్టే నాటికి చేతిలో 3 ఉంటే కొత్తది వచ్చేలోపు సరిపోయే అవకాశం 85.7 శాతం. 4 ఉంటే 94.7. 5 ఉంటే 98.3.

ఇప్పుడు అదే తొమ్మిది చోట్ల తలా ఒకటి పెడితే? ఒక్కో డీలరుకి మూడు నెలల సగటు 0.22. తన దగ్గర ఉన్న ఒక్కటీ సరిపోయే అవకాశం 97.9. బాగానే ఉందనిపిస్తుంది. కానీ తొమ్మిది చోట్లా కొరత రాకుండా ఉండే అవకాశం 82 శాతమే. 9 సెట్లు పెట్టి 82, డిపోలో 5 పెట్టి 98. ఖరీదైనది, నెమ్మదిగా కదిలేది ఎప్పుడూ ఒకేచోట ఉండాలి.

---

కౌంటర్_అవతల

డీలరు వైపు నుంచి ఒక మాట. లెక్క బాగుంది, కానీ డిపోలో ఉన్న క్రౌన్ సెట్టు శనివారం సాయంత్రం అడిగితే ఎప్పుడొస్తుంది? కంపెనీ వాళ్లు ఐదింటికి తాళం వేస్తారు. ఆర్టీసీ కార్గోలో రాత్రి వేస్తే పొద్దున్నకి బస్టాండ్‌లో ఉంటుంది, అది పెద్ద కష్టం కాదు. సీజన్లో రాత్రి ఎనిమిది దాకా, ఆదివారం సగం రోజు ఒక మనిషి డిపోలో ఉంటేనే ఈ పద్ధతి నడుస్తుంది. లేకపోతే డీలరు పక్క షాపులో దొరికిన సెట్టు బిగిస్తాడు. క్రౌన్ ఒకరిది, పినియన్ ఇంకొకరిది. ల్యాపింగ్ (ఒకదానితో ఒకటి రాపాడించి సరిచేయడం) జతగా చేసినవి విడదీసి బిగిస్తే శబ్దం, పళ్లు పోవడం, మళ్లీ మీ మీదికే కంప్లైంట్.

డీలర్లు స్టాకు ఎందుకు పెట్టరంటే, మిగిలితే వెనక్కి తీసుకోరు కాబట్టి. సీజన్ అయ్యాక కొన్నదాంట్లో కొంత శాతం, విప్పని ప్యాకెట్లయితే వెనక్కి తీసుకుంటామని రాతపూర్వకంగా ఇవ్వండి. ఐదు శాతం ఇచ్చినా ధైర్యం వస్తుంది. దానికి బదులు డీలరు ఎవరికి, ఏ సీరియల్ నంబరు మిషనుకి అమ్మాడో వారానికోసారి పంపాలని షరతు పెట్టండి. మీకు నిజమైన వాడకం తెలుస్తుంది.

---

దాళ్వా_సార్వా

డీలర్ దగ్గర ఉండాల్సినవి నా లెక్కలో: బ్లేడు సెట్లు, బోల్టులు, సీలు కిట్లు, క్రాస్‌లు, షియర్ బోల్టులు, ఆయిలు. డిపోలో: క్రౌన్-పినియన్, గేర్లు, రోటరు షాఫ్టు, పీటీఓ షాఫ్టు మొత్తంగా. మధ్యలో తగాదాకి వచ్చేవి స్లిప్ క్లచ్ ప్లేట్లు, వాటిని 7 అడుగులవి ఎక్కువ అమ్మిన డీలరుకి మాత్రం ఇవ్వండి.

---

కొత్తగా_చదివేవాడు

క్రాస్టన్ పద్ధతి అని ఒకటుంది కదా, అప్పుడప్పుడు మాత్రమే అమ్ముడయ్యే స్పేర్లకి. అది వాడకూడదా?

---

లెక్కల_పలక

వాడొచ్చు. 1972 నాటిది. మామూలు స్మూతింగ్‌లో (పాత అంచనాని కొత్త అమ్మకంతో కొంచెం కొంచెం సవరించే పద్ధతి) అమ్మకం జరిగిన మరుసటి నెల అంచనా పైకి ఎగురుతుంది, తర్వాత మెల్లగా దిగుతుంది. మీరు సాధారణంగా అమ్మకం అయ్యాకే ఆర్డరు పెడతారు కాబట్టి ఎప్పుడూ ఎక్కువే తెప్పిస్తారు. క్రాస్టన్ రెండుగా విడదీస్తాడు: అమ్మినప్పుడు ఎన్ని, రెండు అమ్మకాల మధ్య ఎన్ని నెలలు.

పన్నెండు నెలలు ఇలా ఉన్నాయనుకోండి: 0, 0, 6, 0, 0, 0, 4, 0, 0, 5, 0, 0. సగటు పరిమాణం 5, పన్నెండు నెలల్లో మూడు అమ్మకాలు కాబట్టి సగటు ఎడం 4 నెలలు, నెలకి 1.25. క్రాస్టన్ అంచనా కొంచెం పైకి మొగ్గుతుందని తర్వాత సింటెటోస్, బాయ్లన్ సవరించారు. స్మూతింగ్ గుణకం 0.1 అయితే 0.95తో గుణించాలి, 1.19 వస్తుంది.

ఏ ఐటమ్‌కి ఇది కావాలో చూడ్డానికి వాళ్లదే ఒక గీత: సగటు ఎడం 1.32 దాటితే అప్పుడప్పుడు కదిలేది. పరిమాణంలో తేడా కూడా ఎక్కువైతే, అంటే విచలనాన్ని సగటుతో భాగించి వర్గం చేస్తే 0.49 దాటితే, అది ముద్దలు ముద్దలుగా వచ్చే డిమాండు. అక్కడ ఏ సూత్రం నమ్మదగింది కాదు.

---

బోల్టునట్టు

పెద్ద సూత్రాలకి పోయే ముందు ఒక ప్రశ్న. ఆ 6, 4, 5 ఎందుకొచ్చాయి? ఒక డీలరు నాలుగు నెలలకోసారి ఆరేసి తీసుకుని తన అరలో పెట్టుకుంటున్నాడేమో! అడుగున రైతు నెలకి ఒకటి ఒకటే కొంటున్నాడు. డీలరు అమ్మకాల జాబితా చేతికొస్తే సగం ముద్దలు విడిపోతాయి. ముప్పై, నలభై ఐటమ్స్ తప్ప మిగతా వాటికి ఎక్సెల్, సీజన్ గుణకం (సీజన్ని బట్టి సగటుని పెంచే, తగ్గించే అంకె) చాలు.

---

పార్ట్‌నంబర్

ఎవరూ ముట్టుకోలేదు కానీ సగం కొరతలు నంబర్ల తప్పులే.

క్రాస్ చూడండి. 30.2 × 80, 30.2 × 92. కప్పు వ్యాసం ఒకటే, పొడవు వేరు. డీలరు ఫోన్లో "ముప్పై క్రాస్" అంటాడు, డిపో మనిషి చేతికందింది పంపుతాడు. రెండు రోజులు పోయాయి. అందుకని నంబరు చెప్పకుండా వస్తువు పేరుతో ఆర్డరు తీసుకోవద్దు, వాట్సాప్‌లో పాత పార్టు పక్కన కొలబద్ద పెట్టి ఫోటో అడగండి.

డిజైన్ మార్చినప్పుడు ఇంకా పెద్ద చిక్కు. కొత్త సీలు పాత హౌసింగ్‌లో సరిపోతుందా, పాత సీలు కొత్తదాంట్లో సరిపోతుందా అన్నవి రెండు వేర్వేరు ప్రశ్నలు. రెండువైపులా సరిపోతే పాత నంబరు చరిత్రని కొత్త నంబరుకి కలిపేయండి. ఒకవైపే అయితే పాత స్టాకు అయిపోయే దాకా రెండు నంబర్లూ నడవాలి. అసలు సరిపోకపోతే ఏ సీరియల్ నంబరు నుంచి కొత్తదో కేటలాగ్‌లో ఆ వరుసలోనే అచ్చు వేయాలి. ఇది చేయకుండా నంబరు మారిస్తే కొత్త పార్టుకి చరిత్ర సున్నా, పాతదానికి ఫోర్‌కాస్ట్ అలాగే కొనసాగుతుంది. చచ్చిన నంబరుకి ఆర్డర్లు పోతూనే ఉంటాయి.

సీరియల్ నంబరు స్టిక్కరు మీద కాకుండా గేర్‌బాక్స్ పోత మీద గుద్దండి. దమ్ములో స్టిక్కరు నిలవదు.

---

పన్నుల_గది

కిట్లు కడుతున్నారు కాబట్టి ఇది చెప్పాలి. 22 సెప్టెంబరు 2025 నుంచి దుక్కి యంత్రాలు, వాటి విడిభాగాల మీద జీఎస్‌టీ 5 శాతం. కానీ బేరింగులు, బోల్టులు వాటి సొంత హెడింగ్ కిందికే వస్తాయి, 18 శాతం. ఒకే ధరకి కలిపి అమ్మిన కిట్టుని మిశ్రమ సరఫరాగా చూస్తే మొత్తం కిట్టు మీద ఎక్కువ రేటు పడుతుంది. బిల్లులో ఐటమ్స్ విడివిడిగా, ధరలు విడివిడిగా చూపించే పద్ధతి మీ ఆడిటర్‌తో ముందే తేల్చుకోండి.

వారంటీలో ఉచితంగా మార్చిన పార్టు మీద మళ్లీ జీఎస్‌టీ లేదు, మీరు తీసుకున్న క్రెడిట్ వెనక్కి కట్టక్కర్లేదు. 17 జులై 2023 సర్క్యులర్‌లో ఇది స్పష్టం. డీలరు తన స్టాకులోంచి మార్చి మీకు బిల్లు వేస్తే మాత్రం ఆ బిల్లు మీద పన్ను ఉంటుంది. మీరు బదులు పార్టు పంపి సర్దితే ఉండదు. రెండో దారే శుభ్రంగా ఉంటుంది, స్టాకు లెక్కా సరిపోతుంది.

రిటైల్ ప్యాకెట్ మీద తయారీదారు చిరునామా, వస్తువు పేరు, ఎన్ని ఉన్నాయి, నెల-సంవత్సరం, ఎమ్మార్పీ, ఫిర్యాదు నంబరు ఉండాలి. తూనికలు కొలతల వాళ్లు సీజన్లోనే వస్తారు మరి!

---

స్టోర్స్‌బుక్

మూడో ప్రశ్న, పాత మోడల్. మోడల్ ఆపేసేటప్పుడు సప్లయర్ కూడా ఆ పార్టు చేయడం మానేస్తాడు. ఆఖరి కొనుగోలు ఒకటే అవకాశం. ఒక గేరు ఏడాదికి 40 పోతోంది, మిషన్లు మూలపడుతున్న కొద్దీ ఏటా 20 శాతం తగ్గుతుందనుకోండి. ఏడేళ్లకి 40, 32, 25.6... కూడితే 158. ఏటా 40 చొప్పున 280 కొంటే 120కి పైగా తుప్పుకే.

పోతపోసే హౌసింగ్‌లకి ఆఖరి కొనుగోలు అక్కర్లేదు, చెక్క నమూనా మీ పేరు మీద, మీ దగ్గర ఉంటే చాలు. ఫౌండ్రీ మూల పడేస్తే చెదలు పడతాయి, లేదా వంగిపోతుంది. ఏడాదికోసారి బయటికి తీసి కొలవండి.

"మోయాలా?" అని అడిగారు. ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన మరమ్మతు హక్కు పనిలో ఎంచుకున్న నాలుగు రంగాల్లో వ్యవసాయ పరికరాలు ఒకటి. విడిభాగాలు బయటి మార్కెట్లో దొరకనివ్వనందుకు 14 కార్ల కంపెనీలకి కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులో 2,544 కోట్ల జరిమానా వేసింది. చిన్న యూనిట్ మీదికి అంత పెద్ద గద రాదు లెండి. కానీ ఎన్నేళ్లు స్పేర్లు ఇస్తామో మాన్యువల్‌లో రాసి, ఆ మాట మీద ఉండటం నయం.

---

గేర్‌బాక్స్_అన్న

స్టాకు గది గురించి కూడా రాయుండ్రి. ఆయిల్ సీళ్లను మేకుకు దండలెక్క తగిలిస్తరు. పెదవి ఒకదిక్కు వంగి, బిగించినంక మొదటి రోజే కారుతది. పెట్టెల, పడుకోబెట్టి, ఎండ పడకుండ ఉంచాలె. రేకుల షెడ్డుల మే నెల వేడికి రబ్బరు గట్టిపడ్తది, అందుకే ముందొచ్చింది ముందు పోవాలె. బేరింగు ప్యాకింగు విప్పి చూపిస్తరు, చూపించుడే తుప్పు. బ్లేడ్లను ఆయిల్ల ముంచి పెట్టకుంటే వానకాలం అయ్యేసరికి ఎర్రగైతయి, రైతు పాత సరుకు అంటడు.

---

రోటవేటర్_యూనిట్

అందరికీ ధన్యవాదాలు. ఆ 38 లక్షల సరుకు, వచ్చే సీజన్ ఆర్డర్లు, ఏది ముందు?

---

స్టోర్స్‌బుక్

రెండూ ఒకే వారంలో. ప్రతి ఐటమ్‌కీ ఆఖరిసారి కదిలిన తేదీ రాయండి. 24 నెలలుగా కదలనిది విడిగా పెట్టి, అది పనిలో ఉన్న ఏదైనా మిషనుకి సరిపోతుందా చూడండి. సరిపోతే డీలరుకి తగ్గించి ఇవ్వండి, లేకపోతే తుక్కే. కానీ కదలలేదని క్రౌన్ సెట్టుని తుక్కులో వేసేరు! కదలికతో పాటు, అది లేకపోతే మిషను ఆగుతుందా అన్నది కూడా చూడాలి. ఆగేవీ, నడిచేవీ, అందానికుండేవీ అని మూడు రంగుల స్టిక్కర్లు చాలు.

ఆర్డర్ల తేదీలు వెనక నుంచి లెక్కపెట్టండి. బ్లేడ్లు మే 15కి డీలరు దగ్గర ఉండాలంటే మే 1కి డిపోకి రావాలి, ఎనిమిది వారాలు వెనక్కి వెళ్తే మార్చి మొదటి వారంలో ఆర్డరు. ఏప్రిల్లో పంజాబ్‌లో గోధుమ కోతలు, లారీలకి గిరాకీ, కాబట్టి ఒక వారం ముందే పెట్టండి. డిసెంబరు దమ్ముకి గేర్లు కావాలంటే మూడు నెలల లెక్కన ఆగస్టు మొదట్లోనే ఆర్డరు పెట్టి, దీపావళికి ముందే సరుకు బయలుదేరేలా చూడండి. గుజరాత్‌లో చాలా షాపులు దీపావళి తర్వాత వచ్చే లాభ పంచమి దాకా తెరవరు.

---

రోటవేటర్_యూనిట్

మార్చి ఆర్డరులో బ్లేడ్లు ఎడమ, కుడి సరిసమానంగానే పెట్టాలా? గదిలో ఇప్పుడు ఎడమవి 900 ఎక్కువున్నాయి.

---

బోల్టునట్టు

సెట్లకి సమానంగానే. ఆ 900 తేడా విడిగా అమ్మిన చోట వచ్చుంటుంది. డజను బ్లేడ్లు అడిగితే కౌంటర్లో చేతికందినవి ఇచ్చేస్తారు. కుడివి 900 ఎక్కువ పెట్టి ఒక్కసారి సరిచేయండి, ఆ తర్వాత విడి బ్లేడ్లు ఆరు ఎడమ, ఆరు కుడి ప్యాకెట్లుగా మాత్రమే అమ్మండి. రెండిటికీ రెండు రంగులు పూయించమని ఫోర్జింగ్ వాళ్లకి ఆర్డరులోనే రాయండి.